అణుపరీక్షలు జరిగిన నేలను ఎంతదాకా శుభ్రం చేస్తే చాలు? మరలింగ, ఎనెవెటాక్ అంకెల మీద చర్చ

#1 తూకంరాయి

ఒకచోట చిక్కుకుపోయాను, తెలిసినవాళ్లు విడదీయండి. ఆస్ట్రేలియాలోని మరలింగలో శుభ్రతకు పెట్టుకున్న పరిమితి ఏడాదికి 5 మిల్లీసీవర్ట్‌లు. అమెరికా పరీక్షలు జరిపిన మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్‌లో 1970ల్లో మట్టిలోని ప్లుటోనియానికి పెట్టుకున్నది గ్రాముకు 40 పికోక్యూరీలు. అదే ఎనెవెటాక్ విషయంలో 2000లో అక్కడి అణు నష్టపరిహార ట్రిబ్యునల్ వాడిన కొలబద్ద ఏడాదికి 15 మిల్లీరెమ్, అంటే 0.15 మిల్లీసీవర్ట్. రేడియేషన్ రక్షణపై అంతర్జాతీయ కమిషన్ (ఐసీఆర్‌పీ) 103వ ప్రచురణ చూస్తే, ఇప్పటికే కలుషితమైపోయిన చోట్లకు 1 నుంచి 20 మిల్లీసీవర్ట్‌ల మధ్య ఒకటి ఎంచుకోమంటుంది. ప్లుటోనియం అదే, మనుషులూ మనుషులే. 5కీ 0.15కీ మధ్య ముప్పై మూడు రెట్లు తేడా. ఎవరిది సరైన అంకె?

#2 మట్టిలెక్క

ముందు వీటిని ఒకే వరసలో నిలబెట్టకండి తూకంరాయి గారూ. 5 మిల్లీసీవర్ట్‌లు అన్నది మనిషికి అందే డోసు. 40 పికోక్యూరీలు అన్నది మట్టిలో ఉన్న పదార్థం. రెంటి మధ్యా ఆ మనిషి బతుకంతా ఉంది: ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, ఎంత దుమ్ము పీలుస్తాడు, పిల్లలు మట్టిలో ఎంతసేపు ఆడతారు. ప్రమాణం రాయడమంటే ఆ మధ్య భాగాన్ని లెక్కగా రాయడమే.

లెక్క నడిచే తీరు చూపడానికి ఓ ఉదాహరణ (అంకెలు నేను ఎంచుకున్నవి, ఏ స్థలానివీ కావు). గ్రాము మట్టిలో 1 బెక్వెరెల్ (సెకనుకు ఒక అణువు విఘటనం చెందేంత) ప్లుటోనియం-239 ఉందనుకోండి. గాలిలో ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము దుమ్ము, అంటే బాగా దుమ్మురేగే చోటు. ఏడాదికి పీల్చే గాలి 8,000 ఘనపు మీటర్లు. లోపలికి పోయేది 8 గ్రాముల దుమ్ము, అందులో 8 బెక్వెరెల్‌లు. ఐసీఆర్‌పీ పట్టికలో పెద్దవాళ్లకు, ఊపిరితిత్తుల్లో చాలా నెమ్మదిగా కరిగే ఎస్ రకానికి బెక్వెరెల్‌కు 16 మైక్రోసీవర్ట్‌లు, కొంచెం త్వరగా కరిగే ఎం రకానికి 50. కాబట్టి ఏడాదికి 0.13 లేదా 0.4 మిల్లీసీవర్ట్. 5 మిల్లీసీవర్ట్‌ల పరిమితిని తిరగేస్తే మట్టిలో గ్రాముకు 39 బెక్వెరెల్‌ల దాకా, ఎం రకమైతే 12.5 దాకా ఉండవచ్చని వస్తుంది.

కరిగే రకం మారగానే, మరేదీ ముట్టుకోకుండానే, జవాబు మూడు రెట్లు కదిలింది. అందుకే మట్టి అంకె ఒక్కటే పట్టుకుని ఇది కఠినం, అది సడలింపు అనడం కుదరదు.

#3 పడమటిగాలి

మరలింగ సంగతి కొంచెం చెప్పుకోకపోతే ఆ 5 ఎక్కడిదో అర్థం కాదు. బ్రిటన్ అక్కడ 1956, 57ల్లో ఏడు పెద్ద పేలుళ్లు చేసింది. ఈనాటి తలనొప్పి వాటిది కాదు. 1960 నుంచి 63 దాకా తరనాకి అనే చోట చేసిన విక్సెన్-బి ప్రయోగాలది. బాంబు ప్రమాదానికి గురైతే ఏమవుతుందో చూడటానికి మామూలు పేలుడు పదార్థంతో ప్లుటోనియాన్ని గాల్లోకి ఎగజిమ్మారు. మొత్తం 22 కిలోల పైచిలుకు. విచ్ఛిత్తి శక్తి లేదంటే లేదు, ప్లుటోనియం మాత్రం అంతా అక్కడే.

1967లో ఆపరేషన్ బ్రంబీ పేరుతో చేసిన 'శుభ్రత' ఏమిటంటే నేలను దున్నడం. పైన ఉన్నది కిందికి కలిసిపోతే పలచబడుతుందని ఆలోచన. మిగతా చెత్తను 21 గుంటల్లో వేసి పైన కాంక్రీటు మూతలు పెట్టారు. 1968 నాటి పియర్స్ నివేదిక సుమారు 20 కిలోల ప్లుటోనియం ఆ గుంటల్లోనే భద్రంగా ఉందని చెప్పింది. 1984లో ఆస్ట్రేలియా రేడియేషన్ ప్రయోగశాల కొలిచేసరికి కథ మారింది: గుంటల బయట, పైమట్టిలో, చేత్తో ఏరుకునే ముక్కల రూపంలో ప్లుటోనియం. గుంటల్లో ఉన్నది నివేదిక చెప్పినదానిలో కొద్ది భాగమే అని తర్వాత తేలింది. ఈ పరీక్షల మీద విచారణ జరిపిన మెక్‌క్లెలాండ్ రాయల్ కమిషన్ ఆ కాలానిదే.

దున్నడం ఎందుకు తప్పో ఆచరణలో చూడండి. పై సెంటీమీటరులో ఉన్నదాన్ని గీకితే హెక్టారుకు 100 ఘనపు మీటర్ల మట్టి. అదే పదిహేను సెంటీమీటర్ల లోతుకు కలిపేశాక తీయాలంటే 1,500. ఉన్న ప్లుటోనియం గ్రాము కూడా తగ్గలేదు, మోయాల్సిన మట్టి పదిహేను రెట్లు పెరిగింది.

#4 గామారేఖ

@మట్టిలెక్క లెక్క బాగుంది కానీ మరలింగ అసలు అంకెతో సరిపోవట్లేదు చూడండి. అక్కడ శాశ్వత నివాసానికి పెట్టిన గీత చదరపు మీటరుకు 3 కిలోబెక్వెరెల్‌ల అమెరీషియం-241 (ప్లుటోనియంతో పాటే ఉండే, కొలవడం తేలికైన మూలకం), చదరపు కిలోమీటరు సగటున. తరనాకిలో ప్లుటోనియం అమెరీషియానికి సుమారు ఏడు రెట్లు. అంటే 21 కిలోబెక్వెరెల్‌ల ప్లుటోనియం. పై సెంటీమీటరు మట్టి చదరపు మీటరుకు 15 కిలోలనుకుంటే గ్రాముకు 1.4 బెక్వెరెల్. మీరు చెప్పింది 12 నుంచి 39. పదింతలు పైనే తేడా. ఏది తప్పు?

#5 మట్టిలెక్క

రెండూ తప్పు కావు. నా ఉదాహరణలో ఉన్నది దుమ్ము పీల్చే ఓ ఊహా మనిషి, అంతా ఒకేలా ఉన్న మట్టి. మరలింగ లెక్కలో ఈ రెండూ లేవు.

ఒకటి, గాల్లోకి లేచేది సన్నని దుమ్ము. ప్లుటోనియం కూడా సన్నని రేణువులకే ఎక్కువ అంటుకుని ఉంటుంది. కాబట్టి పీల్చే దుమ్ములో గ్రాముకు ఉండే బెక్వెరెల్‌లు మొత్తం మట్టి సగటు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఈ గుణకాన్ని మర్చిపోవడం ఈ రంగంలో అతి మామూలు తప్పు. రెండు, దున్నని చోట ప్లుటోనియం సెంటీమీటరంతా పరుచుకుని ఉండదు, పై కొద్ది మిల్లీమీటర్లలోనే ఉంటుంది. గాలి ఎత్తుకుపోయేదీ ఆ పొరనే. మూడోదే అసలైనది. 1986లో ఏర్పడి 1990లో నివేదిక ఇచ్చిన సాంకేతిక అంచనా బృందం మరలింగ జరుట్జా ప్రజల అర్ధ సంప్రదాయ జీవితాన్ని దగ్గరుండి చదివించి లెక్కలో పెట్టింది. ఆరుబయట నేల మీద పడక, రాత్రంతా మంట, గాలికి అడ్డంగా కొమ్మల పరదా, వేటాడిన జంతువును బూడిదలో కాల్చుకుని తినడం. పిల్లలు రోజంతా దుమ్ములోనే. నగరవాసికి కట్టిన లెక్కలో ఈ దుమ్ము ఉండదు.

మట్టి నోట్లోకి పోవడం కూడా కలపాలి. రోజుకు 1 గ్రాము మట్టి, గ్రాముకు 1.4 బెక్వెరెల్, ఏడాదికి 511 బెక్వెరెల్‌లు. మింగినప్పుడు బెక్వెరెల్‌కు 0.25 మైక్రోసీవర్ట్. అంటే 0.13 మిల్లీసీవర్ట్ దగ్గర. కాల్చిన ఆక్సైడ్ రూపమైతే పేగుల్లోంచి ఒంటికి పట్టేది ఇంకా చాలా తక్కువ. ప్లుటోనియానికి ఊపిరే ప్రధాన దారి, నోరు కాదు.

#6 తూకంరాయి

ఓహో. గ్రాముకు 1.4 బెక్వెరెల్ అంటే (బెక్వెరెల్‌కు 27 చొప్పున) 38 పికోక్యూరీలు! ఎనెవెటాక్ 40కి ఎంత దగ్గరో! మరి రెండూ ఒకటే కదా?

#7 ఇసుకపర్ర

దగ్గరగా వచ్చాయి గానీ ఒకటి కావు అండీ. ఎనెవెటాక్ 40 డోసు లెక్కలోంచి తిన్నగా పుట్టినది కాదు. 1974లో అమెరికా అణుశక్తి కమిషన్ కార్యబృందం చెప్పింది ఇదీ: గ్రాముకు 40 పికోక్యూరీల కింద ఉంటే ఏమీ చేయక్కర్లేదు, 400 దాటితే తీయాల్సిందే, మధ్యలో ఉంటే చోటును బట్టి తేల్చండి. పదిరెట్ల వెడల్పున్న ఆ మధ్య భాగం పని మొదలయ్యాక నిలబడలేదు. బుల్డోజరు నడిపేవాడికి 'చోటును బట్టి' అంటే ఏం అర్థమవుతుంది? అందుకే క్షేత్రంలో దాన్ని వాడకాన్ని బట్టి విడగొట్టారు: ఇళ్లు కట్టుకునే దీవికి 40, సాగుకు 80, అప్పుడప్పుడు వెళ్లి తిండి ఏరుకొచ్చే దీవికి 160.

పైగా ఎనెవెటాక్‌లో, అమెరికా పరీక్షలు జరిపిన మరో మార్షల్ దీవి బికినీలో ప్రధాన సమస్య ప్లుటోనియం కాదు, సీజియం-137. పగడపు ఇసుకలో బంకమట్టి ఉండదు, పొటాషియం దాదాపు లేదు. మన గోదావరి ఒండ్రు లాంటి నేలైతే సీజియాన్ని బంకమట్టి పట్టి ఉంచేది. అక్కడ కొబ్బరిచెట్టు పొటాషియం కోసం వెతుక్కుంటూ దాని అన్నదమ్ముడిలాంటి సీజియాన్ని తాగేస్తుంది. బికినీ సురక్షితమని 1968లో అమెరికా ప్రకటించింది. కొందరు తిరిగొచ్చారు. నాటిన కొబ్బరి కాపుకొచ్చింది, జనం ఒంట్లో సీజియం పెరుగుతూ పోయింది, 1978లో మళ్లీ దీవి ఖాళీ చేయించారు. గాలి, నేల కొలతలు తప్పు కాలేదు. ఎవరు ఎంత కొబ్బరి తింటారన్న అంచనా తప్పింది.

లెక్కగా: కిలో కొబ్బరిలో 1,000 బెక్వెరెల్‌ల సీజియం, ఏడాదికి 100 కిలోలు తింటే, బెక్వెరెల్‌కు 0.013 మైక్రోసీవర్ట్ చొప్పున 1.3 మిల్లీసీవర్ట్‌లు. కొబ్బరి నీళ్లు, కొబ్బరి పీతలు, సీమపనస, మొగలి జాతి పండనస్ పండ్లు దీనికి అదనం.

#8 పడమటిగాలి

అక్కడ మట్టి తీయకుండా పొటాషియం ఎరువు చల్లే పద్ధతి ఉంది కదా, దాని మీద కొంచెం చెప్పండి ఇసుకపర్ర గారూ.

#9 ఇసుకపర్ర

ఉంది. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలవాళ్లు బికినీలో ఏళ్ల తరబడి పరీక్షించారు. హెక్టారుకు 1,000 నుంచి 2,000 కిలోల పొటాషియం వేస్తే కొబ్బరిలో సీజియం ఇరవయ్యో వంతు దాకా పడిపోయింది. రెండో దారి పై 40 సెంటీమీటర్ల మట్టి తీసేయడం. తీసేస్తే డోసు బాగా తగ్గుతుంది, నిజమే. పగడపు దీవిలో ఉన్న కాస్త సారమూ ఆ 40 సెంటీమీటర్లలోనే. అది పోతే మిగిలేది తెల్ల సున్నపు ఇసుక, మళ్లీ తోట లేవడానికి దశాబ్దాలు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం 1998లో రెంటినీ కలిపి చెప్పింది: తోటలకు పొటాషియం, ఇళ్ల చుట్టూ మాత్రం మట్టి తీసి పగడపు కంకర పరచడం.

ఎరువుతో ఒక చిక్కు. సీజియం నేలలోనే ఉంటుంది, కాబట్టి ఎవరో ఒకరు కాయలు కొలుస్తూనే ఉండాలి, ఎరువు పని తగ్గితే మళ్లీ వేస్తూనే ఉండాలి. మార్షల్ దీవుల్లోనే ఉన్న రొంగెలాప్‌కు 1992 ఒప్పందంలో ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ గీత పెట్టారు. ఆ గీతను మట్టి కొలతతో కాదు, తిండి కొలతతో, మనిషి ఒంటి కొలతతో చూసుకోవాలి.

#10 గామారేఖ

కొలత దగ్గరికొద్దాం, ఎందుకంటే కొలవలేని ప్రమాణం కాగితం మీదే ఉండిపోతుంది. ప్లుటోనియం-239 ఆల్ఫాను సన్నని మట్టి పొర చాలు ఆపేయడానికి. అందుకే దానితో పాటు పుట్టుకొచ్చే అమెరీషియం-241 విడిచే 59.5 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ గామాను పట్టుకుంటారు. ఎనెవెటాక్‌లో గొలుసు పట్టీల బండి మీద జెర్మేనియం డిటెక్టర్ పెట్టి తిప్పారు, మరలింగలోనూ బండి మీదే. చేత్తో తిరగాలంటే ఫిడ్లర్: పలచని సోడియం అయొడైడ్ పలక, బెరీలియం కిటికీ.

ఇక్కడ మూడు చోట్ల జారతారు. మొదటిది లోతు. ఈ గామాను రెండు సెంటీమీటర్ల లోపు మట్టే సగం చేసేస్తుంది. దున్నిన నేలలో పైనుంచి చూసి 'తక్కువ ఉంది' అనుకోవడం తేలిక. కాబట్టి కొన్ని చోట్ల పొరలు పొరలుగా మట్టి తీసి ల్యాబ్‌లో ఏ లోతున ఎంత ఉందో చూడాలి, ఆ లెక్కతోనే బండి రీడింగును సరిచేయాలి. రెండోది నిష్పత్తి. అమెరీషియం వచ్చేది 14 ఏళ్ల అర్ధాయువున్న ప్లుటోనియం-241 నుంచి. ప్లుటోనియాన్ని శుద్ధి చేసిన సంవత్సరాన్ని బట్టి, దాని మిశ్రమాన్ని బట్టి నిష్పత్తి మారుతుంది. తరనాకి ఏడును తీసుకెళ్లి ఇంకో ప్రయోగ స్థలానికి వాడితే తప్పు. మరలింగలో చోటుకో నిష్పత్తి, చోటుకో గీత పెట్టింది అందుకే: మట్టి తీయాల్సిన హద్దు తరనాకిలో చదరపు మీటరుకు 40 కిలోబెక్వెరెల్‌ల అమెరీషియం, మరలింగలోనే ఉన్న టీఎం-100, 101 అనే ప్రయోగ స్థలాల్లో 4, వీవాక్ అనే చోట 1.8.

మూడోది సగటు. దాని గురించి మట్టిలెక్క గారు రాస్తే బాగుంటుంది.

#11 మట్టిలెక్క

సగటు లేని పరిమితి అర్థం లేనిది. '3 కిలోబెక్వెరెల్‌లు' అన్నాక ఎంత విస్తీర్ణం మీద అని అడగాలి. మనిషి చదరపు కిలోమీటరులో తిరుగుతాడు కాబట్టి దుమ్ము డోసుకు ఆ సగటు చాలు. కానీ గీకిన చోటు శుభ్రమైందని ఒప్పుకోవడానికి అది చాలదు: ఒక మూల మండిపోతున్నా మిగతా కిలోమీటరు దాన్ని కప్పేస్తుంది. అందుకని 1993లో ఏర్పడిన సలహా సంఘం, మార్టాక్, శుభ్రం చేసిన నేలకు మూడు షరతులు పెట్టింది. హెక్టారు సగటు చదరపు మీటరుకు 3 కిలోబెక్వెరెల్‌లు దాటకూడదు. 100 కిలోబెక్వెరెల్‌లు మించిన అమెరీషియం ఉన్న ముక్క ఒక్కటీ ఉండకూడదు. 20 కిలోబెక్వెరెల్‌లకు పైబడిన ముక్కలు పది చదరపు మీటర్లకు ఒకటికి మించకూడదు.

ముక్కలకు వేరే షరతు ఎందుకంటే అవి దుమ్ములా ప్రవర్తించవు. పిల్లవాడు చేతికి దొరికింది జేబులో వేసుకుంటాడు, కాలికి గుచ్చుకుంటే పుండులోంచి లోపలికి పోతుంది. ఏడాది సగటు డోసు లెక్కలో ఇది ఎక్కడా కనపడదు.

పని వరస: హద్దు గుర్తించు, నీళ్లు చల్లు, స్క్రేపర్‌తో గీకు, బండితో కొలువు, ముక్కలు ఏరు, మళ్లీ కొలువు, తప్పితే మళ్లీ గీకు. నేల కింద సున్నపురాయి బయటపడిన చోట స్క్రేపర్ పనిచేయదు, చీలికల్లో మట్టిని ఊడ్చి తీయాలి. డ్రైవర్ క్యాబిన్లకు వడగట్టిన గాలి, లోపల బయటికంటే కొంచెం ఎక్కువ పీడనం. తడి ఎక్కువైతే మట్టి టైర్లకు అంటుకుని శుభ్రమైన చోటికి పోతుంది, తక్కువైతే దుమ్ము. ఈ రెంటి మధ్య నీళ్ల ట్యాంకరు డ్రైవరే అసలు రేడియేషన్ రక్షణ అధికారి అనిపిస్తుంది నాకు. తీసిన మట్టిని కందకంలో పోసి కనీసం 5 మీటర్ల శుభ్రమైన రాయి, మట్టి కప్పారు.

#12 పడమటిగాలి

గుంటల సంగతి కూడా చేర్చాలి. వాటిని మట్టితో సహా అక్కడే విద్యుత్తుతో కరిగించి గాజులా గడ్డకట్టించే పద్ధతి మొదలుపెట్టారు. ఎలక్ట్రోడ్లు దించి కరెంటు పంపితే మట్టి లావాలా కరుగుతుంది. 1999 మార్చిలో 17వ గుంటలో పని జరుగుతుండగా పేలుడు జరిగి పైనున్న ఉక్కు గొడుగు దెబ్బతింది. ఆ పద్ధతి అక్కడితో ఆపేశారు, మిగిలిన గుంటలు తవ్వి కందకంలో పూడ్చారు. కారణం మీద వాదన తెగలేదు. నా దృష్టిలో పాఠం పద్ధతి గురించి కాదు, జాబితా గురించి. 1960ల్లో ఏ గుంటలో ఏం వేశారో ఎవరూ సరిగా రాసి పెట్టలేదు. మూసిన డబ్బానో, పేలని పేలుడు పదార్థమో ఉండే చోట 1,500 డిగ్రీలు పెట్టడం మామూలు జూదం కాదు.

#13 కడపరాయి

చదువుతున్నా, అంతా బాగుంది. అన్నా, ఇదే లెక్క మన తుమ్మలపల్లె యురేనియం గని టైలింగ్స్ (వ్యర్థాల) చెరువుకు వేయొచ్చా?

#14 ఇసుకపర్ర

అంకెలు తీసుకెళ్లొద్దు తమ్ముడూ, పద్ధతి తీసుకెళ్లు. అక్కడ ప్లుటోనియం లేదు. యురేనియం శుద్ధి వ్యర్థంలో 1,600 ఏళ్ల అర్ధాయువున్న రేడియం-226, దాన్నుంచి వచ్చే రాడాన్, ఊటగా దిగే నీళ్లలో యురేనియం. దుమ్ముకంటే బోరు నీళ్లు ముందు చూడాలి. నీళ్లలో యురేనియం దగ్గర రేడియేషన్ కంటే మూత్రపిండాలకు రసాయన విషమే ముందు వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు, బెక్వెరెల్‌లలో కాదు. దీనికి వేరే చర్చ తెరిస్తే మంచిది.

#15 తూకంరాయి

సరే, మొదటి ప్రశ్నకు వెనక్కి వస్తాను. 5, 0.15 రెండూ డోసులే. ఈ తేడాకు మట్టి, దుమ్ము సాకు చెప్పలేం కదా?

#16 గామారేఖ

చెప్పలేం. ఇది నిర్ణయంలో తేడా, లెక్కలో కాదు. మరలింగ బృందం మొదలుపెట్టింది రిస్క్‌తో: యాభయ్యేళ్ల వయసు వచ్చేసరికి ప్రాణాంతక క్యాన్సర్ వార్షిక రిస్క్ పదివేలలో ఒకటి దాటకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ కూడా పదివేలలో ఒకటి అనే అంటుంది, కానీ అది జీవితకాలం మొత్తానికి, అదీ పై హద్దు. మాట ఒకటే, 'ఏడాదికి' 'జీవితానికి' అన్న తేడాలోనే పదుల రెట్లు దాక్కుని ఉన్నాయి. 15 మిల్లీరెమ్ వచ్చింది ఆ రెండో వైపు నుంచి. వీటిని పక్కపక్కన పెట్టే వ్యాసాల్లో సగం ఈ చిన్న పదాన్ని వదిలేస్తాయి.

#17 పడమటిగాలి

నేను ఒప్పుకోను, కనీసం పూర్తిగా. రిస్క్ లెక్క సరే. కానీ అమెరికాలో తమ సొంత ఊళ్ల పక్కన స్థలానికి అప్పట్లో 15 మిల్లీరెమ్ అడుగుతూ, దీవివాళ్లకు, ఎడారి ఆదివాసులకు ఎక్కువ చాలనడం శాస్త్రం ఎలా అవుతుంది? ట్రిబ్యునల్ 15 మిల్లీరెమ్ ఎంచుకున్నది సరిగ్గా ఈ కారణంతోనే: పరీక్షలు చేసిన దేశం తన ప్రజలకు వర్తింపజేసేదే మాకూ వర్తించాలి అని.

అంకె ఒత్తిడికి ఎలా కదులుతుందో చూడాలంటే రాకీ ఫ్లాట్స్ చూడండి. పరీక్షా స్థలం కాదు, ఆయుధాల కర్మాగారం, కానీ ప్లుటోనియమే. 1996లో మట్టికి గ్రాముకు 651 పికోక్యూరీలు అన్నారు. జనం ఒప్పుకోలేదు, స్వతంత్ర సమీక్ష జరిగింది, 2003కి 50 అయింది. అదీ పై 3 అడుగులకే.

#18 మట్టిలెక్క

న్యాయం మాట నిజం, దాన్ని కాదనను. ఇంకో వైపూ చూడండి. తరనాకి చుట్టూ సుమారు 120 చదరపు కిలోమీటర్లు ఇప్పటికీ శాశ్వత నివాసానికి పనికిరాని నేల. 0.15 పెడితే ఆ గీత ఎంత దూరం జరుగుతుందో ఊహించండి, అంత పైమట్టి గీకితే ఎడారి మొక్క మళ్లీ మొలవదు. అక్కడ వేటాడొచ్చు, దాటి వెళ్లొచ్చు, గుడిసె వేసుకోకూడదు, హద్దు స్తంభాలు ఉన్నాయి. ఈ ఏర్పాటుకు మరలింగ జరుట్జా ప్రజలు ఒప్పుకున్నారు. పరీక్షల స్థలంలో చివరి భాగం 2009 డిసెంబరులో వాళ్లకు తిరిగి చేరింది.

హద్దు స్తంభం ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్న ఉంది, ఎందుకంటే ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు. ఎనెవెటాక్‌లో తీసిన కలుషిత మట్టిని పోసి మూసిన రూనిట్ దీవి గుమ్మటం దగ్గరా ఇదే. పైన 46 సెంటీమీటర్ల కాంక్రీటు మూత, కింద కాక్టస్ పేలుడు గొయ్యి, అడుగున ఏ పొరా వేయలేదు, ఆటుపోట్లకు నీరు కదులుతూనే ఉంటుంది. లగూన్ అడుగు బురదలో ఉన్న ప్లుటోనియంతో పోలిస్తే గుమ్మటం లోపలిది తక్కువ, కాబట్టి అది పగిలితే ఉత్పాతం అనే శీర్షికలు అతి. కానీ దాన్ని 'నిల్వ కేంద్రం' అనడం కూడా అతే.

#19 గామారేఖ

ఒక సవరణ. నేను #4లో వాడిన ఏడు అన్న నిష్పత్తి 1990ల నాటి కొలతలది. తరనాకి ప్లుటోనియానికి అరవై ఏళ్లు దాటాయి, అమెరీషియం దాదాపు గరిష్ఠానికి చేరింది. ఇప్పుడు కొత్తగా కొలిచి పాత ఏడుతో గుణిస్తే ప్లుటోనియం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఎవరైనా ఈ లెక్క వేరే చోట వాడితే ముందు పది మట్టి నమూనాలైనా ల్యాబ్‌లో వేసి నిష్పత్తి తాజాగా తీసుకోండి.